పనికిరాదన్న గొంతే ప్లేటెక్కి ఊరూరా తిరిగింది

గుడివాడ (మా విలేఖరి): మన పల్లెల్లో తెల్లవారకముందే మైకులో భగవద్గీత వినిపించిందంటే, నిద్ర లేచిన ప్రతివారూ ముందుగా అడిగే మాట పోయినవారెవరని. పాడుతున్నదెవరని ఎవరూ అడగరు. ఆ అవసరం లేదు. ఆ గొంతు ఘంటసాల వెంకటేశ్వరరావు గారిదని పసిపిల్లలకు సైతం తెలుసు. ఆయన 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అంటే అర్ధ శతాబ్దం దాటిపోయింది. మనిషి వెళ్ళిపోయినా గొంతు మాత్రం ఊళ్ళలోనే తిరుగుతోంది.

ఘంటసాల వారి జీవితం గురించి పెద్దలు పుస్తకాలు రాశారు. ఏ సినిమాలో ఏ పాట పాడారో చెప్పే పట్టికలు కూడా ఉన్నాయి. వాటిని మళ్ళీ అప్పగించడం ఈ విలేఖరి ఉద్దేశం కాదు. ఆ జీవితాన్ని గ్రామఫోను ప్లేట్ల వైపు నుంచి చూస్తే కొన్ని సంగతులు కొత్తగా కనిపిస్తున్నాయి. పాత ప్లేట్లు పోగుచేసేవారు మన ప్రాంతంలో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వారి పెట్టెల్లో సగానికి సగం ఆయన గొంతే. లక్క ప్లేటు రాజ్యమేలుతున్న రోజుల్లో ఆయన పాడడం మొదలుపెట్టారు. వినైలు ప్లేటు ఇంటింటికీ చేరుతున్న రోజుల్లో వెళ్ళిపోయారు.

ఈ విలేఖరి పుట్టేసరికే ప్లేట్ల కాలం అయిపోయింది. మా ఊళ్ళో మైకుసెట్టు అద్దెకిచ్చే ఒక పెద్దాయన ఇంట్లో చెక్కపెట్టె ఉండేది. అందులో కాగితపు సంచుల్లో ప్లేట్లు నిలువుగా పేర్చి ఉండేవి. చిన్నతనంలో ఒకరోజు ఆయన లేని సమయాన ఒక ప్లేటు తీసి చూస్తుంటే చేయి జారి గచ్చు మీద పడింది. మూడు ముక్కలైంది. అంతకుముందు రోజే పక్కింటి కుర్రాడు మరో ప్లేటు కింద పడేస్తే దానికేమీ కాలేదు. అదే ధైర్యంతో ఇదీ పగలదనుకున్నాను. పెద్దాయన వచ్చి చూసి తిట్టలేదు. ముక్కలు ఏరి పక్కన పెట్టి, పగిలేది లక్క ప్లేటనీ, వంగేది వినైలు ప్లేటనీ, ఒకదానికి వాడిన ముల్లు రెండోదానికి పనికిరాదనీ ఓపికగా చెప్పారు. పగిలింది ఘంటసాల వారి పద్యాల ప్లేటని తరువాత చాలా ఏళ్ళకు తెలిసింది. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం.

ఘంటసాల 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. ఇంటిపేరును బట్టి కొందరు ఆయనను ఘంటసాల గ్రామస్థుడని భ్రమపడుతుంటారు. బౌద్ధ స్తూపం ఉన్న ఘంటసాల మన జిల్లాలోనే వేరే ఊరు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయిస్తారు, నారాయణ తీర్థుల తరంగాలు పాడతారు. భజన గోష్ఠులకు వెళ్ళేటప్పుడు కొడుకును భుజాన ఎక్కించుకుని వెళ్ళేవారు. తండ్రి తరంగం పాడుతుంటే పిల్లవాడు దానికి తగ్గట్టు నాట్యం చేసేవాడు. చూసినవారు ముచ్చటపడి బాలభరతుడని పేరు పెట్టారు. ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. పిల్లవాడికి పదకొండో ఏడు వచ్చేసరికి తండ్రి కాలం చేశారు. కొడుకు సంగీతంలో పెద్దవాడు కావాలన్నది ఆయన చివరి కోరిక. తల్లి రత్తమ్మ గారు పిల్లలతో తమ్ముడు ర్యాలి పిచ్చిరామయ్య గారి పంచన చేరవలసి వచ్చింది.

ఆ రోజుల్లో పల్లెటూరి పిల్లవాడు పెద్ద గాయకుడి పాట వినాలంటే రెండే దారులు. ఒకటి నాటకాల పందిరి, రెండోది మోతుబరి ఇంట్లో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను. కపిలవాయి రామనాథశాస్త్రి గారి వంటి నటగాయకుల పద్యాలు అప్పటికే ప్లేట్లుగా వచ్చి ఊళ్ళలో మోగుతున్నాయి. మన దేశంలో తొలి ప్లేట్లు తయారైన వైనం కూడా వినదగినదే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు పట్టుకుని జర్మనీలోని హానోవరుకు పంపి, అక్కడ ప్లేట్లు అచ్చువేయించి ఓడల్లో తిరిగి తెచ్చేవారు. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వెలిసింది. 1928లో డమ్‌డమ్‌లో పెద్ద కర్మాగారం వచ్చింది. విచిత్రమేమంటే ఆ ప్లేట్లకు ప్రాణమైన లక్క మన అడవుల సరుకే. చోటా నాగపూర్ ప్రాంతపు చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టిన లక్కను శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి ప్లేటుగా అచ్చువేసేవారు. పాశ్చాత్య దేశాల వాళ్ళు పాడిన పాటలకూ మన లక్కే ఆధారం.

ఇక విజయనగరం ఘట్టం. తెలుగునాట సంగీతం నేర్వాలంటే అప్పట్లో విజయనగరం వెళ్ళవలసిందే. ఘంటసాల చేతి ఉంగరం అమ్మి రైలెక్కారు. తీరా వెళ్ళేసరికి కళాశాలకు సెలవులు. అప్పటి ప్రిన్సిపాలు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దయతలచి కళాశాల ఆవరణలోనే ఉండనిచ్చారు. తరువాత ఇతరుల పొరపాటు తన మీద పడి అక్కడి నుంచీ బయటికి రావలసి వచ్చింది. వ్యాసనారాయణ మెట్ట మీద ఆలయంలో తలదాచుకున్నారు. ఆ స్థితిలో ఆయనను చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరుకు చెందిన ఈ విద్వాంసుడు తానే కలిగినవారు కారు. పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. భోజనం మాటకొస్తే, జోలె కట్టుకుని ఇంటింటా మధూకరం అడుక్కోవడమే దారి అయింది. అన్నంలో చీమలు పట్టకుండా ఎలా దాచుకోవాలన్నది కూడా ఆ రోజుల్లో ఆయనకొక చదువే అయి ఉంటుంది. పగలు జోలె, రాత్రి సాధన. ఈ విధంగా గాత్రంలో పట్టా పుచ్చుకుని సొంతవూరు తిరిగివచ్చారు.

వచ్చాక చేసినది భజనలు, ఉత్సవాల్లో కచేరీలు, పిల్లలకు పాఠాలు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం రాగానే దేశభక్తి గీతాలు పాడుతూ ఊళ్ళు తిరిగారు. ప్రభుత్వం అరెస్టు చేసింది. బళ్ళారి దగ్గర అలీపురం జైల్లో ఏడాదిన్నర గడిపారు. 1944లో సావిత్రి గారితో వివాహం జరిగింది. అత్తవారి ఊరు పెదపులివర్రు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య గారిదీ అదే ఊరు. ఆయన అక్కడ ఈ యువకుడి పాట విని మద్రాసు రమ్మన్నారు.

మద్రాసులో సముద్రాల వారి ఇల్లు ఇరుకు. వారికి భారం కాకూడదని ఘంటసాల బయటికి వచ్చేశారు. పానగల్ పార్కు కాపలాదారుకు నెలకు రెండు రూపాయలిచ్చి అక్కడే రాత్రుళ్ళు పడుకునేవారు. పగలంతా అవకాశాల కోసం తిరుగుడు. 1944లో సీతారామ జననం చిత్రంలో బృందగానంలో గొంతు కలిపారు, చిన్న వేషం కూడా వేశారు. రేడియోలో లలితగీతాలు పాడే అవకాశం దొరికింది.

ఆ కాలంలోనే ఆయన గ్రామఫోను రికార్డుల కంపెనీ గడప తొక్కారు. గొంతు పరీక్ష చేశారు. మైకుకు ఈ గొంతు సరిపడదని తేల్చి పంపేశారు. జోలె కట్టి నేర్చుకున్న విద్య, రాజావారి కళాశాల పట్టా, జైల్లో సైతం వదలని సాధన, ఇవేవీ ఆ గదిలో అక్కరకు రాలేదు.

ఆ నిర్ణయం చేసినవారిని ఇప్పుడు నవ్వడం తేలిక. కాని వారి చెవులు ఏ పాటలకు అలవాటు పడ్డాయో కూడా చూడాలి. 1925కు ముందు మైకు లేదు. గాయకుడు పెద్ద గొట్టం ముందు నిలబడి గొంతెత్తి అరిచినట్లు పాడితే ఆ అదురుకు ముల్లు కదిలి మైనం పళ్ళెం మీద గీత పడేది. కీచుగా, పైస్థాయిలో, దూరానికి వినిపించే గొంతులే ఆ పద్ధతికి తట్టుకున్నాయి. నాటక పద్యం కూడా అదే తీరు. వెనక బెంచీ వాడికి వినపడాలి. మైకు వచ్చి ఇరవై ఏళ్ళయినా మంచి గొంతంటే అలాగే ఉండాలన్న అభిప్రాయం పోలేదు. ఘంటసాల గొంతులో బరువుంది, మంద్రంలో గుండ్రదనం ఉంది, మెల్లగా పలికినా మాట స్పష్టంగా ఉంటుంది. నిజానికి మైకు కోసమే పుట్టిన గొంతు అది. ఈ విలేఖరి అభిప్రాయంలో, మైకు అప్పటికే వచ్చింది గాని మైకుతో వినే చెవి ఇంకా రాలేదు.

ఆ చెవి ఉన్నవాడు ఒకడు అదే కంపెనీలో పనిచేస్తుండడం తెలుగువారి అదృష్టం. ఆయన పేకేటి శివరాం. ఆయన చొరవతో ఘంటసాల తొలి ప్రైవేటు ప్లేటు వెలువడింది. ఒక పద్యం, ఒక లలితగీతం. ఈ పేకేటి శివరాం గారే తరువాత నటుడై, 1953 నాటి దేవదాసు చిత్రంలో కథానాయకుడికి తాగుడు అలవాటు చేసే భగవాన్ వేషం వేశారు. ఆ చిత్రంలో ఘంటసాల పాటలు విని కంటతడి పెట్టినవారిలో ఎందరికి ఈ బాంధవ్యం తెలుసో! దేవదాసు పాటలు రాసింది కూడా పెదపులివర్రు సముద్రాల వారే. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బురామన్ ఆ చిత్రం పూర్తికాకుండానే 1952లో చిన్నవయసులో చనిపోయారు.

సినిమా వైపు సంగతులు పాఠకులకు తెలిసినవే గనుక క్లుప్తంగా చెబుతాను. 1945లో స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాడినందుకు ఆయనకు నూటపదహారు రూపాయలు ముట్టాయి. 1948లో బాలరాజు, 1949లో కీలుగుర్రం, మనదేశం, లైలామజ్ను, 1950లో షావుకారు, 1951లో పాతాళభైరవి. అక్కడితో తెలుగు సినిమా పాట ఆయన చేతికి వచ్చింది. మాయాబజార్ 1957, లవకుశ 1963. పాతికేళ్ళ పాటు ఇద్దరు పెద్ద కథానాయకులకూ ఒక్క గొంతే చెల్లింది. ఎవరికి పాడుతున్నారో కళ్ళు మూసుకుని వింటే తెలిసిపోయేది.

ప్లేటు విషయంలో మాత్రం కొంచెం ఆగి చెప్పవలసింది ఉంది. పది అంగుళాల లక్క ప్లేటు నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిరుగుతుంది. ఒక వైపున మూడు నిమిషాలు, మహా అయితే మరో ఇరవై సెకండ్లు. అంతలో పాట అయిపోవాలి. నాటకంలో ఒక్క పద్యానికే పావుగంట రాగం తీసి, జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదలుపెట్టే అలవాటు గల దేశంలో ఇది పెద్ద ఇరకాటం. ప్లేటు కోసం పాడిన పాత నటగాయకులు కొందరు రాగాన్ని కుదించలేక మాటలను తొక్కేశారు. ఇప్పటికీ ఆ ప్లేట్లు వేసి వింటే పద్యం చివరి పాదం రైలు తప్పిపోతున్నట్లు పరుగెడుతుంది.

ఘంటసాల చేసినది వేరు. రాగాన్ని తుంచి అవసరమైనంత మేరకే ఉంచారు. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాటను ఒత్తాలో అర్థాన్ని బట్టి నిర్ణయించారు. సమాసం ఎంత పొడవైనా చదువురాని వాడికి సైతం ఎక్కడ విరవాలో తెలిసేటట్లు పలికారు. మూడు నిమిషాల ఇరుకులో పద్యానికి ఒక కొత్త నడక వచ్చింది. తరువాత సినిమాల్లో పద్యం ఆయన బాటలోనే నడిచింది. నేడు బడిపిల్లలు పద్యం పాడినా తెలియకుండానే ఆ బాణీలో పాడుతున్నారు.

దీనికి గొప్ప నిదర్శనం పుష్పవిలాపం. గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి ఉదయశ్రీలోని పద్యాలవి. పూజకు పూలు కోయబోయిన వాడితో పూలే మొరపెట్టుకోవడం అందులో విషయం. ఒక వైపు చాలదు, ప్లేటు తిరగేయాలి. తిరగేసే లోపల కూర్చున్న వాళ్ళంతా మాట్లాడకుండా ఉండేవారని మా మైకుసెట్టు పెద్దాయన చెబుతారు. ముల్లు మార్చి, కీ ఇచ్చి, రెండో వైపు మొదలయ్యేదాకా పందిరి కింద చప్పుడు ఉండేది కాదట. కుంతీకుమారి ప్లేటు కూడా అటువంటిదే. అందులో కన్నబిడ్డను నదిలో విడిచే తల్లి బాధ ఉంది. పెళ్ళి పందిట్లో ఆ ప్లేటు వేయకూడదని కొందరు ఇళ్ళవాళ్ళు ముందే చెప్పేవారట. పుష్పవిలాపం మాత్రం పెళ్ళికీ వేశారు, దేవుడి కల్యాణానికీ వేశారు. అది విన్నాక పూలు కోయడం మానేసిన ఆడపిల్లల కథలు ఊరికొకటి ఉన్నాయి.

ప్లేట్లు పల్లెకు చేరడంలో ఈ మైకుసెట్ల వారి పాత్రను ఎవరూ రాయరు. గ్రామఫోను కొనగలిగిన ఇళ్ళు ఊరికి ఒకటో రెండో. మిగిలిన ఊరంతా విన్నది మైకుసెట్టులోనే. చింతచెట్టుకో వేపచెట్టుకో గొట్టం కట్టి, కరెంటు లేని చోట బ్యాటరీ పెట్టి, పెళ్ళి పెద్దలు అడిగిన ప్లేట్లన్నీ ఎద్దుబండి మీద గడ్డిలో పొదిగి తీసుకువెళ్ళేవారు. మద్రాసులో పాడిన పాట కలకత్తా వెళ్ళి, అక్కడ ప్లేటుగా మారి, మళ్ళీ దక్షిణానికి రైలెక్కి బెజవాడ దుకాణానికి చేరి, చివరకు గడ్డి మీద ప్రయాణం చేసి ఊళ్ళో మోగేది. ఇంత దూరంలో ఎన్ని పగిలిపోయాయో లెక్కలేదు.

అంత పేరు వచ్చినా ఘంటసాల డబ్బు దగ్గర గడుసువారు కారు. సొంతంగా 1953లో పరోపకారం, 1956లో సొంతవూరు, 1960లో భక్త రఘునాథ్ చిత్రాలు తీసి చేతులు కాల్చుకున్నారు. ఇంటికి వచ్చిన కళాకారుణ్ణి ఆదరించడంలో మాత్రం లోటు చేయలేదు. హిందుస్థానీ సంగీతంలో శిఖరం వంటి బడే గులాం అలీఖాన్ మద్రాసు వచ్చినప్పుడు ఘంటసాల వారింట అతిథిగా ఉన్నారు. జోలె పట్టిన రోజులు మరచిపోలేదని చెప్పడానికి మరో సంగతి చాలు. తనకు ఉచితంగా పాఠం చెప్పిన గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారిని తన దగ్గరకు పిలిపించుకుని, చివరి వరకు సంగీతంలో కుడిభుజంగా ఉంచుకున్నారు. సంగీతరావు గారు నూరేళ్ళు నిండి 2021లో పరమపదించారు.

ఈలోగా ప్లేటే మారిపోయింది. 1948లో అమెరికాలో వినైలుతో చేసిన దీర్ఘకాలపు ప్లేటు, అంటే ఎల్.పి., బయటికి వచ్చింది. మరుసటి ఏడు ఏడంగుళాల చిన్న ప్లేటు వచ్చింది. మన డమ్‌డమ్‌లో వినైలు ప్లేట్లు అచ్చువేయడం 1950ల చివర గాని ఊపందుకోలేదు. లక్క ప్లేటు ఇతర దేశాల్లో మూలపడిన తరువాత కూడా మన దగ్గర 1960లు దాదాపు గడిచేదాకా నడిచింది. కారణం తెలిసిందే. పల్లెల్లో కరెంటు లేదు, కీ ఇచ్చే గ్రామఫోను మీద వినైలు ప్లేటు ఆడదు. ఒకవేళ ఆడిస్తే ఆ బరువుకు, ఆ ఉక్కు ముల్లుకు గాడి ఒక్కసారికే చెడిపోతుంది. అందుకే ఘంటసాల పాటలు కొన్ని లక్క మీదా, వినైలు మీదా రెండింటి మీదా దొరుకుతాయి. పోగుచేసేవారు రెండూ దాస్తారు.

కొత్తగా ప్లేట్లు పోగుచేయదలచిన యువకులు ఈ మధ్య మళ్ళీ కనిపిస్తున్నారు. పెద్దాయన దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలు వారి కోసం రాస్తున్నాను. లక్క ప్లేటు చేతిలో బరువుగా ఉంటుంది, వేలితో తడితే పెంకు చప్పుడు చేస్తుంది. దాని గాడి వినైలు గాడికి సుమారు మూడింతల వెడల్పు గనుక దానికి వేరే ముల్లు ఉండాలి. లక్క ప్లేటును స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి ప్లేటు పాడవుతుంది. ఈ తప్పు చేసి మంచి ప్లేట్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఏ ప్లేటునైనా నిలువుగా పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే లక్క పగులుతుంది, వినైలు వంగుతుంది. మన డెల్టా తేమకు బూజు త్వరగా పడుతుంది గనుక వానాకాలం తరువాత నీడపట్టున ఆరబెట్టాలి, ఎండలో కాదు. ప్లేటు మధ్య కాగితం మీద కుక్క బొమ్మ ఉంటే హెచ్.ఎం.వి. అని అందరికీ తెలుసు. ఆ కాగితం చుట్టూ ఉన్న నున్నని వలయంలో సన్నగా చెక్కిన అంకెలు ఉంటాయి. ఏ పాట ఎప్పుడు పట్టారో ఆరా తీయడానికి కాగితం మీది అచ్చు కన్నా ఆ అంకెలే ఎక్కువ ఉపయోగం.

మరో ముఖ్య విషయం. సినిమాలో వినిపించిన పాట, ప్లేటు మీది పాట ప్రతిసారీ ఒకటి కావు. మూడు నిమిషాలకు సరిపెట్టడం కోసం చరణం తగ్గించినవి, ప్లేటు కోసం విడిగా పాడించినవి ఉన్నాయి. సినిమాల్లోని పద్యాలన్నీ ప్లేట్లకు ఎక్కలేదు. సినిమా ప్రతి పోతే ఆ పద్యం పోయినట్లే. ఫోను నొక్కితే అన్నీ వస్తాయనుకునే కుర్రవాళ్ళకు ఈ మాట నమ్మకం కలగదు గాని, ప్లేటు మీద తప్ప మరెక్కడా లేని గొంతులు పెట్టెల్లో ఉన్నాయి. పాత ఇనుము కొనేవాడికి తూకానికి వేస్తున్నవారు ఒకసారి వేసి విని ఆ తరువాత అమ్మితే మేలు.

1970 ఘంటసాల వారికి సత్కారాల సంవత్సరం. కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. హైదరాబాదులో రజతోత్సవం జరిగింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన గాయకుడిగా గౌరవించింది. 1971లో ఐరోపా, అమెరికా దేశాలలో కచేరీలు చేశారు, ఐక్యరాజ్య సమితిలో పాడారు. అప్పటికే శరీరం సహకరించడం లేదు. 1969 నుంచే తరచు అనారోగ్యం. చక్కెర వ్యాధి ఉంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. చాలా రోజులకు గాని బయటికి రాలేదు.

అటువంటి స్థితిలో ఆయన మనసు పెట్టిన పని భగవద్గీత రికార్డు. ఏడు వందల శ్లోకాల గీత నుంచి నూరుకు పైచిలుకు శ్లోకాలు ఏరి, ఒక్కొక్క శ్లోకం పాడి దాని కింద తెలుగులో తాత్పర్యం చెప్పడం ఆ ఏర్పాటు. సంగీతరావు గారు తోడున్నారు. మూడు నిమిషాల లక్క ప్లేటు రోజుల్లో ఇది సాధ్యమయ్యే పనే కాదు. ప్రతి రెండు శ్లోకాలకూ ప్లేటు తిప్పుతూ గీత ఎవరు వింటారు? ఎల్.పి. ప్లేటుకు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది గనుకే కురుక్షేత్రం మధ్యలో ఆగకుండా నడిచింది. ముప్పై ఏళ్ళ క్రితం ఇరుకులో ఒదగడం నేర్చుకున్న గాయకుడికి చివరి రోజుల్లో విశాలమైన చోటు దొరికింది. దాన్ని ఆయన ఎలా వాడుకున్నారో గమనించండి. రాగం పెంచలేదు. గొంతు ఎత్తలేదు. శ్లోకానికి శ్లోకానికి మధ్య రాగం మారుతుంది గాని, మాట మీద పాట ఎక్కదు. తాత్పర్యం చెప్పేటప్పుడు పక్కన కూర్చుని చెబుతున్నట్లే ఉంటుంది. ఆ గొంతులో ఆయాసం వెతికేవారికి అక్కడక్కడా దొరకవచ్చు. ఈ విలేఖరికి దొరకలేదు.

1974లో ఆయన పోయారు, ఆ ఏడాదే గీత జనంలోకి వచ్చింది. వయసు యాభై ఒక్కటి. తెలుగు ఇళ్ళలో ప్లేటు తిప్పే పెట్టె లేనివారు సైతం ఆ ప్లేటు కొని దేవుడి గూట్లో పెట్టుకున్నారని పెద్దలు చెబుతారు. తరువాత క్యాసెట్లు వచ్చాయి. క్యాసెట్టుతో గీత ప్రతి గుడికీ చేరింది, ప్రతి చావు ఇంటికీ చేరింది. క్రమంగా గుడిలో తగ్గి, చావు ఇంటికే మిగిలింది. శవాన్ని తీసుకువెళ్ళే బండికి కూడా ఇప్పుడు అదే పాట.

ఈ పద్ధతి మీద మా మైకుసెట్టు పెద్దాయనకు గట్టి కోపం. యుద్ధం చేయనని కూలబడినవాణ్ణి లేపి నిలబెట్టడానికి చెప్పిన గీతను, ఇక లేవనివాడి దగ్గర పెట్టడం ఏమి న్యాయమని ఆయన వాదన. ఆయన ఒక ఏడు సంక్రాంతి ముందు రోజుల్లో తెల్లవారుజామున రామాలయం మీద గీత ప్లేటు వేశారు. పది నిమిషాల్లో వీధివీధి నుంచి జనం కంగారుగా వచ్చి ఎవరు పోయారని అడిగారు. ఎవరూ పోలేదని చెబితే తిట్టిపోశారు. మరుసటి రోజు మళ్ళీ వేశారు. మళ్ళీ తిట్లు. నెల పట్టిన తరువాత తిట్లు ఆగాయట. కొందరు ముసలివాళ్ళు అరుగు మీదికి వచ్చి కూర్చుని వినడం మొదలుపెట్టారు. ఆయనకు కాళ్ళు సన్నగిల్లి రామాలయం మెట్లు ఎక్కలేకపోవడంతో ఆ పని ఆగిపోయింది.

ఈ వ్యాసం కోసం మొన్న వారింటికి వెళ్ళినప్పుడు చెక్కపెట్టె అదే మూల ఉంది. చెదలు పట్టకుండా కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు. అడుగున ఒక సంచిలో నేను పగలగొట్టిన ప్లేటు మూడు ముక్కలు అలాగే ఉన్నాయి. ఎందుకు దాచారని అడిగాను. పారేయడానికి చేతులు రాలేదన్నట్లు తల ఊపి, పైనుంచి గీత ప్లేటు తీసి గుడ్డతో మెల్లగా తుడిచారు. పక్కింటివారు కంగారుపడతారేమోనని ముందుగా కోడలిని పంపి, ఇంట్లో అందరూ క్షేమమేనని చెప్పించి, ఆ తరువాత ముల్లు దించారు.